జీర్ణరథోద్ధారము: పాతకారు పందెముల కథ



మన దేవాలయములయందు జీర్ణోద్ధారణమని యొక కార్యము కలదు. గోపురము బీటలు వాఱినపుడును, ధ్వజస్తంభము పుచ్చినపుడును, తేరు ఇరుసు విఱిగినపుడును, ఆ వస్తువును విసర్జించి వేఱొకదానిని తెచ్చుట మన పెద్దల పద్ధతి గాదు. స్థపతి వచ్చి, నిలువదగినదెంత, మార్చదగినదెంత యని మొదట నిర్ణయించును. నిలువదగినదానిని తాకడు. మార్చదగినదానిని మార్చక విడువడు. ఈ వివేకమే జీర్ణోద్ధారణమునకు ప్రాణము.

నేడు నేను చెప్పబూనిన కథయు జీర్ణోద్ధారణమే. అయితే ఇందలి రథము దేవుని రథము గాదు. పెట్రోలు త్రాగి పరుగెత్తు మోటారుకారు. ఒకరు వాడి విడిచిన పాతకార్లను సామాన్యులు కొని, విప్పి, సవరించి, పందెపు బాటలపైకి దింపిన చరిత్ర యిది. వీరు పందెములవలన బ్రదుకువారు గారు. వారమంతయు కచేరీలోనో కర్మశాలలోనో పనిచేసి, సెలవుదినమున తాము కట్టిన బండిని తామే నడుపుకొనువారు.

వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులునకు కార్లతో పనియేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ పని నాకు కల్పించినవాడు నా శిష్యుడొకడు. ఎనిమిదవ తరగతి చదువుచున్నపుడు వాడొకనాడు మధ్యాహ్నపు విరామమున పాఠశాల గోడగడియారమును దింపి, విప్పి, చక్రములను వరుసగా బల్లమీద పేర్చుకొని కూర్చుండెను. నేను చూచితిని. బెత్తము తీసితిని. వాడు ఏడ్చుచునే చక్రములనన్నిటిని యథాస్థానమున కూర్చి గడియారమును గోడకు తగిలించి పోయెను. అది నడచుచున్నదో లేదో కూడ నేనప్పుడు చూడలేదు.

చాల యేండ్లకు చెన్నపట్టణమునకు పోయినపుడు వాని షెడ్డునకు వెళ్ళితిని. అచ్చట పైకప్పు లేని, తలుపులు లేని, ముందుభాగము విప్పిన పాతకారొకటి నాలుగు దిమ్మెలపై నిలిచియుండెను. ‘ఇది రోడ్డు మీద తిరగటానికి కాదు మాస్టారూ, పందెం ట్రాకు మీద పరుగెత్తటానికి’ అనెను. ‘పందెమునకైనచో పాతబండి యెందుకురా?’ యంటిని. ‘కొత్తది కొనే స్తోమతు లేదండీ. ఉన్నా, కొత్తదాంట్లో నేను చేసేది ఏముంటుందండీ?’ అనెను. ఈ రెండవమాట నన్ను పట్టుకొనెను. ఇంటికి వచ్చి ఆ విద్యయొక్క పుట్టుపూర్వోత్తరములను వెదకి చదివితిని. చదివినదానిలో సారమును మీ యెదుట పెట్టుచున్నాను.

కథకు మూలము ఇంగ్లండు దేశము. 1903వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము చేసిన చట్టమువలన రహదారిపై మోటారుబండి గంటకు 20 మైళ్ళకు, అనగా సుమారు 32 కిలోమీటర్లకు మించి పోరాదను కట్టడి యేర్పడెను. రహదారి యందఱిది, పాదచారిది, పసిబిడ్డది, పశువుది. దానిపై పందెములు కూడవు. అట్లయినచో బండియొక్క శక్తిని పరీక్షించుట యెక్కడ? హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి వేబ్రిడ్జి గ్రామసమీపమున బ్రూక్‌లండ్స్ అను తన యెస్టేటులో 1907లో పందెములకొఱకే యొక బాటను కట్టించెను. అది సుమారు రెండుముక్కాలు మైళ్ళ కాంక్రీటు చుట్టుబాట. మలుపులయందు బండి జాఱిపోకుండ వెలుపలియంచు ఎత్తుగా, లోపలియంచు పల్లముగా కట్టిరి. మోటారు పందెములకొఱకు ప్రత్యేకముగా కట్టబడిన తొలి బాటలలో అదియొకటి. రహదారిపై నిషేధింపబడినది వేఱొకచోట ధర్మమయ్యెను. ఈ మాటను మఱవకుడు. చివఱ మరల దీనికే వచ్చెదను.

అయితే తొలిదినములలో ఆ బాట ధనవంతుల క్రీడాస్థలము. గుమాస్తాకును, విద్యార్థికిని, చిన్న కమ్మరికిని అందులో చోటులేదు. వారికి చోటు కల్పించినది ఒక చిన్న కారు. దాని పేరు ఆస్టిన్ సెవెన్.

హెర్బర్టు ఆస్టిన్ అను యంత్రవేత్తకు బర్మింగుహాము నగరసమీపమున లాంగుబ్రిడ్జియందు పెద్ద కార్ఖానా యుండెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము వ్యాపారము దెబ్బతిని 1921లో ఆ సంస్థ ఋణదాతల పక్షమున నియమింపబడిన అధికారి చేతిలోనికి పోయెను. చిన్నకారు కట్టుదమని ఆస్టిన్ చెప్పినపుడు తోడి డైరెక్టరులు సమ్మతింపలేదు. ఆయన వెనుదీయక, స్టాన్లీ ఎడ్జి అను పదునెనిమిదేండ్ల చిత్రలేఖకుని తన గృహమునకు పిలిపించుకొని, బిలియర్డు ఆటగదిలో కూర్చుండి సొంతముగా ఆ కారునకు పటములు గీయించెను. 1922లో అది లోకమునకు వెల్లడియయ్యెను. నష్టమునకు తానే ఒడిగట్టుకొనినందున ప్రతి కారునకు రెండు గినీల చొప్పున ఆయనకు ముట్టునట్లు ఒడంబడిక జరిగెను. 1939 వఱకు సుమారు 2,90,000 కార్లు తయారైనవి. ముసలియజమాని పదునెనిమిదేండ్ల బాలుని మాట విని, వాని చేతివ్రాతను నమ్మినందున ఒక కార్ఖానా నిలిచినది.

ఆ కారు కొలతలు చిత్రములు. ముందుచక్రపు నడుమునుండి వెనుకచక్రపు నడుమునకు 75 అంగుళములు. అనగా ఆఱడుగుల మూడంగుళములు. తొలినాళ్ళ బండి బరువు సుమారు 360 కిలోలు. మన యొంగోలు జాతి కోడె యొకటి దానికంటె బరువు తూగును. ఇంజనునకు నాలుగు సిలిండరులు. నాలుగింటి కడుపు కలిపి 747 ఘన సెంటీమీటర్లు. ముప్పావులీటరు పాలు పట్టు పాత్ర యంతయే. తొలి యింజను బలము పదిన్నర గుఱ్ఱముల బలము.

సిలిండరు వెడల్పు 56 మిల్లీమీటర్లు, పిస్టను నడక 76 మిల్లీమీటర్లు. ఇంత యిఱుకుగను, ఇంత పొడవుగను ఏల చేసిరి? దీనికి కారణము యంత్రశాస్త్రము కాదు, పన్ను. 1921నుండి ఆ దేశమున కారుపై పన్ను దాని గుఱ్ఱపుబలమునకు ఒక్కొక్క పౌను చొప్పున విధించిరి. ఆ బలమును లెక్కించు సూత్రమున సిలిండరు వెడల్పును మాత్రమే కొలిచెడివారు. పిస్టను ఎంతదూరము నడచునో కొలిచెడివారు గారు. బావినోటి వెడల్పునుబట్టి శిస్తు విధించినచో మన రైతు ఇఱుకైన లోతుబావిని త్రవ్వించుకొనడా? ఇదియు నట్టిదే. సెవెన్ అను పేరు కూడ ఆ పన్నులెక్కలోని ఏడు గుఱ్ఱములనుండి వచ్చినదే.

లక్షలకొలది అమ్ముడుపోయిన ఈ కార్లు పదేండ్లకు పాతవయ్యెను. పాతవి చవుకగా దొరకును. విడిభాగములు ప్రతి ఊరను దొరకును. విప్పుటకు పెద్ద పనిముట్లు అక్కఱలేదు. కావున చేతిపని యెఱిగిన యువకులు వానిపై దృష్టి నిలిపిరి. 1939లో 750 మోటారు క్లబ్బు అను సంఘమేర్పడెను. ఇంజను కడుపు సుమారు 750 ఘన సెంటీమీటర్లు గనుక ఆ పేరు పెట్టిరి. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. బ్రూక్‌లండ్స్ బాట విమానముల కార్ఖానాల పాలై, మరల పందెములకు తెఱువబడలేదు.

యుద్ధము ముగిసినపుడు పెట్రోలునకు రేషను, డబ్బునకు కొఱత, పందెముల బాటకు లోపము. కాని యుద్ధము విడిచిపోయినవి రెండుండెను: పాతకార్లును, పాడుపడిన విమానాశ్రయములును. బాంబులు మోయు విమానములు దిగిన సిల్వరుస్టోనునందును, యుద్ధవిమానములు ఎగిరిన గుడ్‌వుడ్‌నందును 1948లో కార్ల పందెములారంభమయ్యెను. స్థలమునకును జీర్ణోద్ధారణమే, బండికిని జీర్ణోద్ధారణమే.

1949లో ఆ క్లబ్బువారు పందెములకు నియమావళి నేర్పఱచిరి. దీనికే 750 ఫార్ములా యని పేరు. దాని తాత్పర్యము మనకు క్రొత్త గాదు. గుంటూరు, ప్రకాశము మండలములలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూచినవారు మీలో చాలమంది యుందురు. అచ్చట రెండుపండ్ల జోడునకు నాలుగుపండ్ల జోడుతోను, నాలుగుపండ్ల జోడునకు ఆఱుపండ్ల జోడుతోను పోటీ పెట్టరు. పండ్లు లెక్కించి తరగతులు విభజింతురు. ఎందుకు? సమానులలో గెలిచినవాడే గెలిచినవాడు గనుక. ఇచ్చటను అంతే. ఆస్టిన్ సెవెన్ చట్రమును, ఆస్టిన్ సెవెన్ యింజనును మూలముగా నుంచుకొనవలెను. పైనిర్మాణమును నియమములకు లోబడి ఎవని బుద్ధికొలది వాడు చేసికొనవచ్చును. ధనము గలవాడు పెద్ద యింజను కొని గెలుచుటకు దారి మూసిరి. బుద్ధి గలవాడు గెలుచుటకు దారి తెఱచిరి.

ఈ క్లబ్బులో ముఖ్యుడైన హాలండు బర్కెట్ పశువైద్యుడు. వృత్తి పశువుల జబ్బులు చూచుట, వ్యసనము పాతకార్ల జబ్బులు చూచుట. ఆఱుగంటలపాటు ఒక జట్టులోని బండ్లు ఒకదాని తరువాత ఒకటి పరుగెత్తు పోటీ 1951లో మొదలైనది. అది నేటికిని ఆయన పేరిట జరుగుచున్నది. వేగము తక్కువైన బండికి ముందుగానే కొన్ని చుట్లు కలిపి యిత్తురు గనుక, నెమ్మదిగానైనను చెడిపోక తిరిగిన బండి కూడ గెలుపునకు రాదగును.

ఇక నిట్టి బండిని కట్టు విధమును చెప్పెదను. మీరు ఎడ్లబండి నెఱిగినవారు. నీటిపంపు ఇంజను నెఱిగినవారు. ఈ రెండింటిని మనస్సున నుంచుకొనినచో ఇది సుబోధము.

మొదట పైతొడుగును, సీట్లను, మెట్లను, అనవసరమైన ప్రతి వస్తువును విప్పివేయుదురు. గొడుగును, గంటలను, పీటలను తీసివేసి నొగ, కాడి, ఇరుసు, చక్రములు మాత్రము మిగిల్చిన ఎడ్లబండిని తలంచుకొనుడు. బలము పెంచుటకంటె బరువు తగ్గించుట సులభము. గుఱ్ఱములు పెరుగకున్నను, లాగవలసిన బరువు తగ్గినచో ఒక్కొక్క గుఱ్ఱము వంతునకు వచ్చు భారము తగ్గును. పిదప చట్రమును పరీక్షింతురు. ఆస్టిన్ చట్రము ముందు సన్నమై వెనుకకు విచ్చుకొను రెండు ఉక్కుపట్టెలు. చీలిన పంగలకఱ్ఱవలె నుండును. ఏండ్లు గడచినకొలది అది పురి తిరుగును. మెలి తీయక, పగుళ్ళు అతుకక ముందునకు పోరాదు. పునాది చెడినయింటికి సున్నము కొట్టినందున ఫలమేమి?

తరువాత ఇంజను. మూతను విప్పి, లోపల పేరుకొనిన మసిని గీకి, వాల్వులను వాని గూళ్ళలో సానపట్టి బిగువుగా కూర్చుందురు. మూత క్రిందితలమును కొంచెము గీసి పలుచన చేసినచో గాలియును పెట్రోలును మునుపటికంటె గట్టిగా నొక్కుకొని, మండినపుడు ఎక్కువ బలముతో పిస్టనును త్రోయును. కాని యిచ్చట అత్యాశ పనికిరాదు. ఈ యింజను నడిమిదండమునకు రెండు కొనలయందే ఆధారములు కలవు. 1936లోగాని మూడవ ఆధారము నమర్పలేదు. రెండు గోడలపై నిలిపిన దూలము భారమునకు నడుమ వంగినట్లు ఆ దండము వేగమునకు నడుమ కంపించును. మితిమీఱిన వేగమున విఱుగును. దానికి నూనె పెట్టు విధమును సామాన్య సంచారమునకు చాలునుగాని పందెమునకు చాలదు. సన్నని గొట్టములు చిమ్మిన నూనెధారను తిరుగుచున్న దండము అందుకొనవలెను. వేగము హెచ్చినకొలది ఆ యందుకొనుట కష్టమగును. ఇరుసునకు కందెన తప్పినచో చక్రమేమగునో మీకు నేను చెప్పవలెనా? కావున పందెగాండ్రు ఒత్తిడితో నూనె నెక్కించు ఏర్పాటును కోరుకొనిరి. ఆస్టిన్ సంస్థయే తయారుచేసిన అల్‌స్టర్ అను పందెపు తరగతి బండిలో అట్టి ఏర్పాటు కలదు.

బలము కూర్చిన పిమ్మట పట్టుకొనువాడు కావలెను. ముందిరుసునకు అడ్డముగా నొక ఉక్కు రేకుల కమాను, వెనుక రెండు సగపు కమానులు. వీనిని వంచి అణచి బండిని నేలకు దగ్గఱగా దింపుదురు. గడ్డిమోపు ఎత్తుగా వేసిన బండి మలుపులో బోల్తాపడును. ఇటుకలు అడుగున పేర్చిన బండి నిలుచును. సూత్రమదియే. కొందఱు ముందిరుసును నడుమ ఖండించి రెండు సగములుగా ఊగునట్లు అమర్చిరి. ఒక చక్రము గుంటలో పడినను రెండవది కుదుపునకు లోను గాదు. బ్రేకులకు ఉక్కుతీగెలు. ఆ తీగెలు నాలుగు చక్రములకును సమముగా బిగియకున్నచో బండి ప్రక్కకు లాగును. ప్రతి పందెమునకు ముందు పరీక్షకుడు వచ్చి బ్రేకు, స్టీరింగు, చక్రముల బిగింపు చూచి, సమ్మతించినగాని బండిని బాటమీదికి విడువడు. ఈ నిర్ణయముపై ఎంత గొప్ప నడుపరి తర్కించినను ప్రయోజనము లేదు.

ఈ పాఠశాలలో చదివి లోకప్రసిద్ధులైన యిద్దఱిని పేర్కొనెదను.

మొదటివాడు కాలిన్ చాప్‌మన్. 1928లో జన్మించెను. లండను యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుచు పాతకార్లు కొని అమ్మెడివాడు. 1947లో ప్రభుత్వము సామాన్యుల పెట్రోలు రేషనును నిలిపివేయగా పాతకార్ల బేరము కూలిపోయెను. తక్కినవానిని వచ్చినకాడికి అమ్మివేయగా ఒక పాత ఆస్టిన్ సెవెన్ చేతిలో మిగిలెను. దానిని తాను పెండ్లాడబోవు హేజల్ విలియమ్స్ తలిదండ్రుల యింటివెనుక షెడ్డులో పెట్టుకొని విప్పెను. విమానముల తొడుగులు కట్టు పద్ధతిని బట్టి, ప్లైవుడ్డుపై అల్యూమినియపు రేకు అంటించిన పలకలతో తేలికయు గట్టియునైన దేహమును చట్రముపై కట్టెను. 1948లో అది సిద్ధమైనది. దానికి అతడు పెట్టిన పేరు లోటస్; అనగా మన తామరపువ్వు. పట్టపరీక్షలో గణితమున ఒకతూరి తప్పి, మరల వ్రాసి, 1949లో పట్టము పొందెను. పరీక్షలు పెట్టి బ్రదికిన నావంటివాడు ఈ సంగతిని నిదానముగా ఆలోచింపవలసియున్నది.

ఈ చాప్‌మన్ 1951లో ఆలెన్ సోదరుల సహాయముతో 750 ఫార్ములాకొఱకు మూడవ లోటస్ బండిని కట్టెను. అందులో చేసిన ఉపాయము వినదగినది. ఆస్టిన్ యింజనున నాలుగు సిలిండరులకు గాలియు పెట్రోలును పోవు దారులు రెండే. ఒక్కొక్క దారి రెండేసి సిలిండరులకు ఉమ్మడి. ఒకే పిల్లకాలువ రెండు మళ్ళకు నీరిచ్చుచున్నదనుకొనుడు. ఒక మడి త్రాగి ముగింపకమునుపే రెండవ మడి గండి తెఱచినచో, ఒకదాని నీటిని ఒకటి దొంగిలించును. ఇంజనునను అంతియే జరుగుచుండెను. చాప్‌మన్ ఆ దారి నడుమ పలుచని అడ్డుగట్టు వేసి, ఒకదానిని రెండుగా చీల్చెను. ఎవని నీరు వానిది. బలము పెరిగెను, పందెములు వరుసగా గెలిచెను. నియమావళిలో అడ్డుగట్టు వేయరాదని యెచ్చటను లేదు. తోడివారు తగవులాడిరి. గెలిచిన బహుమానములను వెనుకకు తీసికొనలేదుగాని, తరువాత క్లబ్బువారు ఆ యుపాయమును నిషేధించిరి.

మీమాంస చదివినవాడనగుటచే నాకీ ఘట్టము రుచించినది. నియమము చెప్పనిదానిని చేయుట తప్పు గాదు. కావున చాప్‌మన్ నిర్దోషి. కాని ఒకడు చేసినదానిని అందఱును చేయవలసివచ్చినచో, చేయలేని పేదవాడు వెనుకబడును. పేదవానికొఱకు పుట్టిన నియమము వ్యర్థమగును. కావున క్లబ్బును నిర్దోషియే. గ్రామకట్టుబాట్లు చేయు పెద్దలకు ఇందులో ఒక పాఠమున్నది. కట్టుబాటును దాటిన తెలివిని శిక్షింపలేదు. ఇకముందు దాటకుండ కట్టుబాటును మాత్రము దిద్దిరి.

హేజల్ చేబదులిచ్చిన 25 పౌనులతో 1952లో చాప్‌మన్ లోటస్ సంస్థను స్థాపించెను. 1962లో చట్రమును దేహమును వేఱుచేయక, రేకుల తొట్టియే చట్రముగా పనిచేయు పందెపు బండిని గొప్ప పోటీలలోనికి దింపెను. 1963లోను, 1965లోను జిమ్ క్లార్క్ లోటస్ నడిపి ప్రపంచ విజేత యయ్యెను. ఆ యింటివెనుక షెడ్డులోని ప్లైవుడ్డు పలకలనుండి ఇచ్చటికి దారి నేరుగానే యున్నది.

రెండవవాడు బ్రూస్ మెక్‌లారెన్. న్యూజీలండు దేశమున ఆక్లండు నగరమున 1937లో పుట్టెను. తండ్రి మోటారు మరమ్మతుల దుకాణదారు. బాల్యమున తుంటి యెముక జబ్బు వచ్చి సుమారు రెండేండ్లు వైద్యశాలలో మంచముపైననే గడిపెను. ఒక కాలు పొట్టిదైనది. తండ్రి 1929 నాటి ఆస్టిన్ అల్‌స్టర్ ఒకదానిని విడిభాగములుగా కొని తెచ్చెను. బాగుచేసి అమ్మవలెనని తండ్రి తలంపు; అమ్మరాదని కుమారుని పట్టుదల. ఇద్దఱును కలిసి దానిని కూర్చిరి. ఆ బండితోనే 1952లో అతడు తొలి పోటీలో పాల్గొనెను. 1959లో అమెరికా దేశపు గ్రాన్ ప్రీ పందెమును 22వ యేట గెలిచెను. 1963లో అతడు స్థాపించిన జట్టు నేటికిని పందెములలో నున్నది. 2024లో నిర్మాతల ప్రపంచ విజేతృత్వమును పొందెను.

మన దేశపు మాట కూడ చెప్పవలెను. చెన్నపట్టణమునకు ఉత్తరమున, నెల్లూరునకు పోవు మార్గమున షోలవరమను గ్రామము కలదు. అచ్చట రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయమొకటి పాడువడియుండెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు అచ్చట పందెములు నడిపిరి. సిల్వరుస్టోను కథయే షోలవరమునను పునరావృత్తమయ్యెను. ఆ దశాబ్దములలో విదేశముల కార్లు తెచ్చుకొనుటకు కట్టడులుండెను. దేశమున తయారగునవి రెండుమూడు తరగతులే. కావున మన యువకులు ఫియట్టును, హెరాల్డును, అంబాసిడరును విప్పి, తేలికచేసి, పందెపుబండ్లుగా మార్చిరి. కొఱతయే గురువైనది. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోటయందు ఆ క్లబ్బువారు సొంత పందెపుబాటను కట్టుకొనిరి. దాని పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైబడినది. నా శిష్యుని పాతకారు పరుగెత్తునది ఆ బాటమీదనే.

ఇంగ్లండున పుట్టిన 750 ఫార్ములా నేటికిని జీవించియే యున్నది. ఆస్టిన్ యింజనులు అరుదైన పిమ్మట రిలయంట్ యింజనును, ఆ పిమ్మట ఫియట్ యింజనును అనుమతించిరి. ఇంజను మాఱినది, తక్కువ ధనముతో, సొంతచేతులతో, సమానులతో పోటీ యను నియమము మాఱలేదు. ఆస్టిన్ సెవెన్‌లు గల వృద్ధులు, యువకులు తమ పూర్వపు బండ్లను వేఱుగా నడుపుకొనుచునే యున్నారు.

ఇంతవఱకు మేలు చెప్పితిని. కీడును దాచుట పండితధర్మము గాదు. జిమ్ క్లార్క్ 1968 ఏప్రిలులో జర్మనీయందు హాకెన్‌హైమ్ బాటమీద లోటస్ నడుపుచు మరణించెను. మెక్‌లారెన్ 1970 జూను 2వ తేదీన గుడ్‌వుడ్‌నందు తన బండిని పరీక్షించుచు మరణించెను; వయస్సు 32. అదేయేట సెప్టెంబరులో యోకెన్ రింట్ అను లోటస్ నడుపరి ఇటలీయందు మోంజాలో మరణించెను. అంతవఱకు గెలిచిన లెక్కనుబట్టి మరణించిన పిదప అతనికి ప్రపంచ విజేత బిరుదు దక్కెను. బరువు తగ్గించుటయే చాప్‌మన్ విద్యకు మూలము. అతని బండ్లు తేలికయే గాని పెళుసని పలువురు విమర్శించిరి. స్థపతి వివేకమును మొదట చెప్పితిని గదా: తీయదగినదెంత, ఉంచదగినదెంత? ఈ ప్రశ్నకు సమాధానము తప్పినచో మూల్యము ప్రాణము.

తరువాతి కాలమున బలమైన శిరస్త్రాణములు, నిప్పంటని దుస్తులు, తలపై ఉక్కుకమానులు, బాటప్రక్కన వైద్యులు, నిప్పార్పువారు తప్పనిసరియైరి. ఇవి మరణములనుండి నేర్చిన పాఠములు. ఇన్ని రక్షణలున్న చోటనే అపాయమున్నపుడు, ఏ రక్షణయు లేని రహదారిమీద, ఎదుట బడిపిల్లలును ధాన్యపుబండ్లును వచ్చు దారిమీద, మన యువకులు మోటారుసైకిళ్ళతో పందెములాడుట ఎంత ఘోరము! మా గ్రామ పొలిమేరలో అట్లు పోయిన యిద్దఱు పిల్లల అంత్యక్రియలకు నేను వెళ్ళితిని. ఒకడు నాకు అప్పగించిన తెలుగు నోటుపుస్తకము ఇంకను నాయొద్ద నున్నది.

ఆ పిల్లలను తిట్టుట సులభము. వారికి వేగముపైన, యంత్రముపైన గల మక్కువ తిట్టినందున పోదు. 1903 నాటి చట్టము వేగమును రహదారినుండి తొలగించెను. 1907 నాటి బాట దానికి చోటు చూపెను. కాదనుటయు, చోటు చూపుటయు రెండును కావలెను. పందెపుబాట ప్రతి గ్రామమునకు సాధ్యము గాదు. కాని యొక షెడ్డు, నాలుగు పనిముట్లు, పాడైన పాత యింజనొకటి, చూచి చెప్పు మేస్త్రియొకడు సాధ్యము గాదా? ఇంజనును స్వయముగా విప్పి కూర్చినవానికి అది యెచ్చట విఱుగునో తెలియును. తెలిసినవాడు ఊరక త్రొక్కడు. నా శిష్యుడు ఇరువదియేండ్లుగా పందెపు బండ్లు కట్టుచున్నాడు. చెన్నపట్టణపు వీధులలో నన్ను వాడు కారులో తీసికొనిపోయినపుడు ఎడ్లబండిలో పోయినంత నెమ్మదిగా పోయెను. ‘బాటమీద పోనిత్తువు, ఇచ్చట పోనీయవేమిరా?’ యంటిని. ‘ఇక్కడ ఎదురొచ్చేవాడు ఏం చేస్తాడో నాకు తెలియదు కదండీ’ అనెను.

బయలుదేరునపుడు నేను వానిని ఆ గోడగడియారమును గూర్చి యడిగితిని. వాడు సిగ్గుపడి నవ్వెను. ‘అది రోజుకు నాలుగు నిమిషాలు వెనకపడేది మాస్టారూ. మీరు బడిగంట ఆలస్యంగా కొట్టిస్తున్నారని హెడ్మాస్టరుగారు మిమ్మల్ని అంటుంటే విన్నాను. అందుకే విప్పాను’ అనెను.

నాకు నోట మాట రాలేదు. కొట్టిన మఱునాటినుండి ఆ గడియారము సరిగా నడచినది కాబోలు, నేను గమనింపనైతిని. పెద్దలారా, మీ యింట పిల్లవాడొకడు ఏదేని వస్తువును విప్పుకొని కూర్చుండినపుడు, కోపగించుకొనుటకు ముందు ఎందుకు విప్పితివని యొక్కమాట అడుగుడు. నేను అడుగలేదు.